సర్దారు కర్ర

మా నాయిన బొగ్గుబాయిలో సర్దారు. షిఫ్టులో అందరికంటే ముందు ఆయనే లోపలికి పోయేవాడు. కర్రతో పైకప్పును తట్టి, చెవి పెట్టి వినేవాడు. ఖంగుమంటే సరే. డొల్లగా మోగితే, ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా అటు అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. నాయకత్వం మీద నేను విన్న ఉపన్యాసాలు ఆ చప్పుడు ముందు దిగదుడుపే.

హైదరాబాద్‌లో చదివేటప్పుడు 'బాయి' అనడానికి నామోషీపడి 'గని' అనేవాణ్ణి. 2011 సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో మా నాయినతో సహా సింగరేణి బొగ్గు కార్మికులు పని ఆపారు. గోదావరిఖని చౌరస్తాలో మైకు నిండా మా యాసే. 'బాయి' అనడానికి నామోషీపడ్డందుకు నాకు తల కొట్టేసినట్టయింది. (ఆ నెల జీతం రాలేదు, నాయిన ఆ మాటే ఎత్తలేదు.)

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. వాళ్లకు కూడా 'బాయి' అనే చెప్తాను. ఆ కర్ర మా ఇంట్లో తలుపు వెనకాలే ఉంది.