క్యాలెండర్ మీద సున్నాలు

మూర్ఛ ఉన్నవాళ్లతో కూర్చుని మాట్లాడే నర్సు ఒకరున్నారని తెలిసిన డాక్టరు చెబితే ఆ జిల్లా ఆసుపత్రికి వెళ్లాను. అన్ని వార్డులూ చూపిస్తామన్నారు. నేను మాత్రం వరండా చివర ఆమె బల్ల దగ్గర నుంచి కదల్లేదు.

బల్ల మీద ఒక గోడ క్యాలెండర్ పరిచి ఉంది. తిథులు, వర్జ్యాలు వేసిన మామూలు తెలుగు క్యాలెండరే. మాత్ర వేసుకున్న రోజు టిక్కు, ఫిట్స్ వచ్చిన రోజు సున్నా. చదువురాని తల్లి పెట్టిన గుర్తులవి. పక్కన ఇరవై ఏళ్ల కూతురు తల వంచుకుని కూర్చుంది.

"అమావాస్యకే వస్తాయి సిస్టర్, చూడండి" అంది తల్లి. మాఘ అమావాస్య మీద నిజంగానే సున్నా ఉంది.

నర్సు వేలు ఒక గడి వెనక్కి జరిగింది. "ముందు రోజు ఏంటమ్మా?"

"శివరాత్రి."

"జాగారం చేసిందా?"

"చేసింది. ఉపవాసం కూడా ఉంది."

వేలు మరో సున్నా దగ్గరికి వెళ్లింది. దానికి ముందు రెండు రోజులు టిక్కుల్లేవు. పెళ్లికి ఊరెళ్తూ మాత్రలు ఇంట్లో మరిచిపోయారట. ఆ రోజు అమావాస్యా కాదు, పౌర్ణమీ కాదు.

"నిద్ర, తిండి, మాత్ర. ఈ మూడూ నీ చేతిలోవే తల్లీ" అన్నారామె, తల్లితో కాదు, కూతురితో. పెన్ను కూడా ఆ పిల్ల చేతికే ఇచ్చారు. ఇకనుంచి గుర్తులు తనే పెట్టుకోవాలి. స్నానానికి లోపల గడియ వేసుకోకూడదు. చెరువుకి ఒంటరిగా వెళ్లకూడదు. బాగుందని తనంతట తాను మందు ఆపకూడదు. తల్లికి చేతులతో చేసి చూపించారు: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తాళాలు పట్టించొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

సరైన వైద్యం అందితే 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ వైద్యంలో చీటీ రాయడానికి రెండు నిమిషాలు చాలు. ఈ క్యాలెండర్ చదవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చీటీకి గది ఉంది, బోర్డు ఉంది, పోస్టు ఉంది. ఈ పనికి ఏమీ లేదు. వార్డు డ్యూటీ మధ్యలో తీరిక చేసుకుని ఆమె చేస్తున్నారు. రేపు ఆమెకు బదిలీ అయితే ఈ బల్ల ఖాళీ. జబ్బుతో బతకడం నేర్పడమూ వైద్యమేనని మన ఆసుపత్రులు ఎప్పుడు ఒప్పుకుంటాయి?

లేవబోతూ ఆ పిల్ల అడిగింది: "సంబంధాలు చూస్తున్నారు. చెప్పాలా సిస్టర్?"

హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకుల నుంచి మూర్ఛను 1999లోనే తీసేశారు. ఇళ్లలో ఇంకా తీయలేదు.

"చెప్పే చేసుకో. జబ్బు దాస్తే మాత్ర కూడా దాచాలి. దాచుకున్న మాత్ర వేళకి వేసుకోలేవు. పిల్లల్ని కనాలనుకున్నప్పుడు ముందే డాక్టరుగారి దగ్గరికి రా, మందు మార్చాల్సి రావచ్చు" అన్నారామె.

మా అక్క అత్తారింట్లో మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకునేది. వంటింట్లో ఎవరైనా ఉంటే ఆ పూట మానేసేది. ఒక సాయంత్రం పొయ్యి మీద పడింది. ఆ మచ్చలు ఇప్పటికీ మెడ మీద ఉన్నాయి. తొమ్మిదేళ్లు ఆమెకు మందులు రాసినవాళ్లలో ఒక్కరూ అడగలేదు, "మాత్రలు ఎక్కడ పెట్టుకుంటావమ్మా?" అని.