నాయనమ్మ మందుల పెట్టె

సావనీరుకి ఏదైనా వ్రాసిమ్మని యూనియన్ మిత్రులు వెంటపడ్డారు. కవిత్వం నా వల్ల కాదు గనుక, నేను చేసిన ఒక తప్పు గురించి వ్రాస్తున్నాను.

మా నాయనమ్మకి బి.పి. ఉంది. ఉదయం ఎనిమిదింటికీ, రాత్రి ఎనిమిదింటికీ మాత్ర వేసుకోవాలి. మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టుకి ఆవిడ కోసమని ఒక మందుల పెట్టె తయారుచేశాను. లోపల టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఎం.ఎస్.పి. 430 మైక్రోకంట్రోలరు, చిన్న బజరు, రూపాయి బిళ్ళకన్న చిన్నదైన సి.ఆర్. 2032 బ్యాటరీ. వేళకి అరుస్తుంది. మార్కులు బాగానే వచ్చాయి. సంక్రాంతి సెలవుల్లో నాయనమ్మకిచ్చి, వీధంతా చూపించుకుని హాస్టలుకి వచ్చేశాను.

పదకొండో రోజున నాన్న ఫోను. నాయనమ్మ కళ్ళు తిరిగి వంటింట్లో పడిందట. ఎముక విరగలేదు గానీ మోచేయి వాచింది. మూడు పూటలుగా మాత్రే వేసుకోలేదు.

"అది అరవలేదు గదరా! అరుస్తుందిలే అని చూశా" అంది.

అంతకుముందు గోడ గడియారం చూసుకుని ఒక్కపూట కూడా మరువని మనిషి. ఆ అలవాటు తప్పించింది నేనే.

పెట్టె తెచ్చి ల్యాబులో మీటరు పెడితే 1 మిల్లీ ఆంపియరు చూపించింది. బ్యాటరీలో ఉండేది సుమారు 225 మిల్లీ ఆంపియర్ అవర్లు. అంటే 225 గంటలు, తొమ్మిది రోజుల చిల్లర. నాలుగో తరగతి భాగహారం! ప్రాజెక్టు చూపించింది పది నిమిషాలు గనుక ఎవరూ అడగలేదు, నేనూ వేసి చూడలేదు.

మా మాస్టారు ప్రోగ్రాం చూసి, "మీవాడు ఎప్పుడు నిద్రపోతాడోయ్?" అన్నారు.

"నిద్రపోడండీ. ఎనిమిదైందా, ఎనిమిదైందా అని చూస్తూనే ఉంటాడు."

"కోడి కూసిందా అని రాత్రంతా మేలుకున్నవాడు పొలానికేం పోతాడయ్యా?"

నిజానికి ఆ చిప్పు గొప్పతనమంతా నిద్రలోనే ఉంది. ప్రాసెసరు ఆగిపోతుంది. వాచీల్లో వాడే 32,768 హెర్ట్‌జ్ క్రిస్టల్ ఒక్కటే ఆడుతుంటుంది. ఆ సంఖ్యని పదిహేనుసార్లు సగం చేస్తూపోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది, అదే సెకను. సెకనుకోసారి ఇంటరప్ట్ వచ్చి తట్టి లేపితే, లెక్క ఒకటి పెంచుకుని మళ్ళీ పడుకుంటుంది. టీవీ రిమోటు రెండు సెల్లులతో నెలల తరబడి నడిచే కిటుకూ ఇదే, మీట నొక్కేదాకా నిద్ర.

నిద్రపుచ్చాను. అయినా మీటరు 60 మైక్రో ఆంపియర్ల దగ్గరే నిలబడింది. రెండు రాత్రులు జుట్టు పీక్కున్నాను. చివరికి దొంగలెవరయ్యా అంటే, దేనికీ కలపకుండా వదిలేసిన పిన్నులు! సున్నా కాక, ఒకటీ కాక ఊగిసలాడుతుంటే లోపలి ట్రాన్సిస్టర్లు రెండూ సగం సగం తెరుచుకుని కరెంటు కారుస్తున్నాయి. వాటిని అవుట్‌పుట్లుగా మార్చేసరికి 2 మైక్రో ఆంపియర్లకి దిగింది.

ఇప్పుడు పెద్ద తిండిపోతు బజరే అయింది. రోజుకి రెండు నిమిషాలే అరిచినా, 5 మిల్లీ ఆంపియర్ల చొప్పున చిప్పు రోజంతా తినేదానికి మూడింతలు పైనే మింగుతుంది. అరుపుని పది సెకన్లకి కుదించాను. బ్యాటరీ తగ్గితే ముందుగానే కూసేలా కూడా చేసి, మురిసిపోతూ మళ్ళీ ఇంటికి పట్టుకెళ్ళాను.

"ఏమిట్రా, చీమ దగ్గినట్టుంది! పెరట్లో ఉంటే వినపడొద్దూ?" అంది నాయనమ్మ.

బుద్ధిగా నిమిషం తిరిగిచ్చేశాను. లెక్క ప్రకారం దాదాపు మూడేళ్ళు రావాలి. ఆవిడ మాత్రం ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే గోడ గడియారం చూసుకుని, మాత్ర వేసేసుకుని, అది అరుస్తుందో లేదోనని దాని ఎదురుగా కూర్చుంటోంది.