రెండు గంటల బిజినెస్ క్లాసు

ముస్సోరీలో రెండో రోజుకే అమ్మ మోకాలు వాచింది. అక్కడ ఏ వీధి చూసినా ఎక్కడమో దిగడమో తప్ప తిన్నగా నడిచేది లేదు. "మీరు తిరిగి రండ్రా, నాకు ఇక్కణ్ణుంచే కొండలు కనపడుతున్నాయిగా" అని శాలువా కప్పుకుని హోటలు వరండాలో కూచుంది. నేనూ మా ఆవిడా వెళ్ళి కెంప్టీ జలపాతం చూసొచ్చాం. చూసొచ్చామన్న పేరేగానీ ఇద్దరికీ ధ్యాసంతా వరండా మీదే.

మోకాలు మార్చాలని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. అమ్మకి డెబ్బై ఒకటి. "ఈ వయసులో నాకు అంత డబ్బు పొయ్యడం దండగ" అన్నది ఆవిడ తీర్పు. దాని మీద అప్పీలు లేదు. అసలీ దసరా సెలవుల టూరు పెట్టుకోవడంలో నా రహస్య ఉద్దేశం కూడా అదే. నాలుగు రోజులు కలిసి తిరిగితే మెల్లగా ఒప్పించొచ్చని. మూడో రోజుకి ఆ మాట ఎత్తే ధైర్యం కూడా పోయింది.

కొండ దిగి ఢిల్లీ చేరేసరికి కారులో కాలు ముడుచుకుని కూచోవడం వల్ల ఆవిడకి అడుగు పడటం లేదు. ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ తీసుకున్నాం. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, దీనికి పెద్ద టిక్కెట్టేమీ అక్కర్లేదు. బుక్ చేసేటప్పుడే అడిగితే ఎవరికైనా ఇస్తారు. కౌంటర్లో అమ్మాయి అమ్మ కాలు చూసి, "ముందు బిజినెస్ క్లాసులో ఒక్క సీటు మిగిలింది సార్, అప్‌గ్రేడ్ చేయమంటారా?" అంది. తొమ్మిది వేలు. మామూలు రోజైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. గన్నవరం రెండు గంటల ప్రయాణం. బెజవాడ నుంచి అవనిగడ్డ బస్సులో అంతకంటే ఎక్కువసేపు నిలబడి వెళ్ళిన రోజులున్నాయి. కానీ కార్డు తీసిచ్చాను. అందులో పన్నే పద్దెనిమిది శాతం. మామూలు సీటుకి అయిదు శాతమే. 2025 సెప్టెంబరు 22 నుంచి బిజినెస్ క్లాసు పన్ను పన్నెండు నుంచి పద్దెనిమిదికి పెంచారు.

అమ్మతో మాత్రం, "సీటు ఖాళీగా ఉందట, నీ కాలు చూసి ఊరికే ఇచ్చారు" అన్నాను.

"ఊరికే ఎవరిస్తార్రా?"

"పండగ కదమ్మా."

నమ్మలేదు. అయినా అక్కడ నలుగురిలో తర్కం పెట్టుకోలేదు.

మన దేశంలో ఈ చిన్న దూరాల బిజినెస్ క్లాసుకి ఒక మర్యాద ఉంది. యూరప్‌లో చాలా విమానాల్లో అవే మూడేసి సీట్ల వరసలో మధ్య సీటు ఖాళీగా ఉంచి, ఒక పరదా కట్టి అదే బిజినెస్ క్లాసు అంటారు. ఇక్కడ అలా కాదు. మా విమానంలో వెనక మాకు అటు మూడు, ఇటు మూడు. ముందు అటు రెండు, ఇటు రెండు, నిజంగానే వెడల్పైన సీట్లు. కాళ్ళ కింద చిన్న పలక పైకి లేస్తుంది. మా అమ్మకి కావలసింది సరిగ్గా ఆ పలకే. మిగతావన్నీ, అంటే వేడి తువ్వాలూ పింగాణీ ప్లేట్లూ గుడ్డ న్యాప్‌కిన్నూ నా లెక్కలో కొసరు.

నేనూ మా ఆవిడా పదిహేడో వరసలో ఇరుక్కున్నాం. మా పక్కన గుడివాడ పెద్దాయన. విమానం పైకి లేచేలోపే మా ఊరు, మా పొలం, మా పిల్లలేం చేస్తున్నారు అన్నీ కనుక్కుని, వాళ్ళ మనవరాలి పెళ్ళి సంబంధం దాకా వచ్చారు. గంట గడిచాక నాకు నిలవలేదు. లేచి ముందుకెళ్ళి ఎయిర్‌హోస్టెస్‌ని బతిమాలితే, రెండు నిమిషాలని పరదా పక్కకి లాగింది.

అమ్మ చెప్పులు విప్పేసి, కాళ్ళు బారచాపుకుని ఉంది. తిన్న ప్లేటు పక్కన న్యాప్‌కిన్ మడత చెదరకుండా పెట్టింది. మూతి తుడుచుకుంటే మాపు అవుతుందని వాడలేదట. పక్క సీటాయన లాప్‌టాప్‌లోంచి తలెత్తలేదు.

"నొప్పెలా ఉంది?"

"నొప్పి సంగతి మర్చేపోయా. కానీ ఇదేం మనుషుల్రా, ఇంతసేపటికీ ఏ ఊరని కూడా అడగలేదు" అంది, ఆయనకి వినపడేటట్టే. ఆయనకి తెలుగు వచ్చో రాదో దేవుడికే తెలియాలి.

కిందికి దిగడం మొదలెట్టాక కిటికీలో కృష్ణ కనిపించింది. దసరా నాటి ఎర్ర నీళ్ళు. ప్రకాశం బ్యారేజీ సన్నటి గీతలా ఉంది. డెబ్బై గేట్లూ లెక్కపెట్టడానికి వీలయ్యే ఎత్తు కాదుగానీ, గేట్ల కింద నీళ్ళు తెల్లగా నురగ కక్కడం తెలుస్తోంది. 1855 నాటికి కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగిపోతే, దాని బదులు ఈ బ్యారేజీ 1957కి వచ్చింది. మా అమ్మకంటే మూడేళ్ళు చిన్నది. అక్కణ్ణుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యలోంచి చీలి వెళ్తాయి. వాటి పిల్లకాలువలు, బోదెలు పట్టుకుని పోతే చివర వరి చేలు. పైనుంచి చూస్తే ఆ పచ్చదనం ఎవరో ఇస్త్రీ చేసి పరిచినట్టుంటుంది. నేను చాలాసార్లు చూసి మురిసిపోయాను. ఈసారి మాత్రం ఆ పచ్చదనంలో వంగున్న మనుషులు గుర్తొచ్చారు. మా అమ్మ పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ నాన్నగారు పోయేదాకా ఆ బురదలో దిగే మనిషే. నాట్ల కాలంలో కూలీలతో పాటు వరసలో నిలబడేది. ఆ మోకాళ్ళు అరిగింది అక్కడే. ఆ పంట డబ్బుతోనే నా ఇంజనీరింగు చదువు.

చక్రాలు నేలని తాకింది కూడా ఒకప్పటి పొలాల దగ్గరే. గన్నవరం విమానాశ్రయం రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక స్థావరం. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చాక గానీ మాలాంటి వాళ్ళకి విమానం గుమ్మం తెలియలేదు. 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. పెద్ద విమానాలు దిగాలంటే రన్‌వే పొడిగించాలి. దానికి కేసరపల్లి, బుద్ధవరం, అజ్జంపూడి రైతులు పొలాలిచ్చి, బదులుగా అమరావతిలో ప్లాట్లు తీసుకున్నారు. అడ్డమొచ్చిన ఏలూరు కాలువని కూడా పక్కకి మళ్ళించాల్సి వచ్చింది. ఇప్పుడు మూడు కిలోమీటర్లు దాటిన ఆ రన్‌వే మీద ముందు సీటులో దిగినా, వెనక సీటులో దిగినా కుదుపు ఒకటే.

బెల్టు దగ్గర మేం కలిసేసరికి అమ్మ వీల్‌చైర్ కుర్రాడితో కబుర్లలో ఉంది. కారు దాకా తనే నడుస్తానంది. ఇరవై అడుగులు నడిచింది కూడా. డ్రైవరు పక్క సీటు బాగా వెనక్కి జరిపి కూచోబెట్టాం. కంకిపాడు మీదుగా బందరు రోడ్డెక్కి, ఉయ్యూరులో టీ తాగేదాకా ఏమీ అనలేదు. గ్లాసు కింద పెట్టి అడిగింది.

"ఇప్పుడు చెప్పు. ఎంతిచ్చావ్?"

నేను నీళ్ళు నములుతుంటే మా ఆవిడ నవ్వు ఆపుకోలేక, "తొమ్మిది వేలు అత్తయ్యగారూ" అనేసింది.

"తొమ్మిది వేలా!" అమ్మ టీకొట్టతను తిరిగి చూసేట్టు అరిచింది. "ఎకరం నాట్లయిపోతాయి కదరా! కాళ్ళు చాపుకోడానికా?"

తర్వాత పామర్రు వచ్చింది, పోయింది. అమ్మ మాట్లాడలేదు. కోపమొచ్చిందనుకున్నాను. కూచిపూడి దాటాక, వెనక్కి తిరక్కుండానే అంది.

"రెండు గంటలకి తొమ్మిది వేలు పోశావు. ఆ కొత్త మోకాలు ఎన్నాళ్ళుంటుందన్నాడు డాక్టరు?"

"పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళయినా ఉంటుందన్నారమ్మా."

వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. ఆ లెక్క ఏమిటో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. చల్లపల్లి దీపాలు కనపడుతున్నాయి.

"మంచం మీద ఎన్నాళ్ళు పడుండాలి?"

"మర్నాడే లేపి నడిపిస్తారటమ్మా."

"అబద్ధాలాడకు. ఊరికే సీటిచ్చారన్నావు, ఇదీ అట్లాంటిదే."

"నిజమే అత్తయ్యగారూ" అంది మా ఆవిడ. అమ్మ ఆవిడ మాటయితే నమ్ముతుంది.

కాసేపాగి, "కోతలు కానీ, చూద్దాం" అంది అమ్మ.

మా ఆవిడ చీకట్లో నా చెయ్యి గట్టిగా గిల్లింది. నేను కిటికీలోంచి చేలకేసి చూస్తున్నట్టే కూచున్నాను.