మధుమేహము తల్లి దోషమా?

నా రెండవ కానుపునాఁటి మాట చెప్పెదను. ఏడవ నెలలో రక్తమును పరీక్షించి వైద్యురాలు నాకు మధుమేహము వచ్చినదని చెప్పెను. ఆ సాయంకాలమే పెద్దముత్తైదువ యొకామె వచ్చి, “కడుపుతో నున్నప్పుడు నోరు కట్టుకోవద్దటమ్మా! మామిడిపండ్లు తిని బిడ్డకుఁ జేటు తెచ్చితివి” అని పోయినది. ఇంటిలో నెవరును ఆమె మాట కడ్డు చెప్పలేదు. నేనును జెప్పలేదు, నాకు నట్లే తోఁచినది.

చిన్ననాఁడు మా తండ్రిగారి యొద్దఁ జదివిన సుశ్రుతసంహితలోఁ బ్రమేహము రెండు తెఱఁగులని యున్నది. మాతాపితల బీజదోషముచే వచ్చునది సహజము; రెండవది యపథ్యముచే వచ్చునది. సహజమైనచో రోగి కృశించును, అపథ్యజమైనచో స్థూలకాయుఁడుగా నుండును. మా పుట్టినింట నీ వ్యాధి గలవారు లేరు. కాఁబట్టి నాది యపథ్యమే కావలెను. కాని నేను మొదటినుండియు సన్నని దానను! శాస్త్రమున నాకుఁ జోటు లేకపోయెను.

కొన్నేండ్లకు మావారు తెచ్చిన విజ్ఞాన పత్రికలలో నా ప్రశ్నకుఁ గొంత సమాధానము దొరకినది. 2018లో స్వీడను దేశమున లుండ్ విశ్వవిద్యాలయమువారు వేలకొలఁది రోగుల వయస్సు, శరీరపు బరువు, చక్కెర మట్టము, ఇన్సులిను పుట్టుకలోని లోపము మున్నగు వానిని కంప్యూటరున కిచ్చి, ఎవరికెవరు పోలికయో నీవే చూపుమనిరి. పెద్దలలోఁ గనఁబడు మధుమేహము రెండు గాదు, అయిదు జట్లుగా విడిపోయినది. 2020లో చెన్నపట్టణమున డాక్టరు అంజన, డాక్టరు మోహనుగార్లు 19,084 మంది భారతీయుల నిట్లే పరికింపఁగా నాలుగు జట్లు తేలినవి. అందు రెండు స్వీడనువారిలోఁ గానరానివి. ఇన్సులిను మిక్కిలి తక్కువై, దేహము సన్ననై యుండు జట్టొకటి యందున్నది. గర్భిణులకు వచ్చు వ్యాధి కొంత వేఱే యైనను, సన్నని దేహముగలవారి కిది రాదను మాట యబద్ధమని తెలిసి నా మనసు తేలికపడినది.

ఈ లెక్క యెట్టిదో మన నరసాపురపు లేసు పనిని దలఁచుకొన్నచో సులభముగా బోధపడును. ఒక యింట నొకతె పువ్వల్లును, వేఱొక యింట నింకొకతె యంచు అల్లును. అన్నియు నొకచోఁ జేర్చి యతికిన తరువాతఁ గాని బల్లగుడ్డ యాకార మెవ్వరికిఁ దెలియదు. శరీరమునందును జన్యువు లొక పువ్వు, ఆ జన్యువులలో నేది పనిచేయుచున్నదో యది యొక పువ్వు, ప్రోటీనులు వేఱొకటి, తిన్న యన్నము మాఱి రక్తమునఁ దిరుగు చిన్నచిన్న పదార్థములు మఱియొకటి. వీని నన్నింటిని గూర్చి చూచుటనే మల్టీ ఓమిక్సు అందురు. మనుష్యుని కన్ను, కాగితము, కలము దీనికిఁ జాలవు. 2024లో వెలువడిన యొక పరిశోధనలో 25 లక్షలకు మించినవారి జన్యుసమాచారమును గూర్చి చూడఁగా, మధుమేహముతో సంబంధము గలవి 611 తావులు కనఁబడినవి. ఒక్కొక్కటి తాఁకెడి దించుకంతయే. ఇన్ని కారణములున్న రోగమునకు ఒక్క మామిడిపండును దోషిగా నిలఁబెట్టిరి గదా!

ఇందొక లోపము మాత్రము నన్నుఁ గలఁచినది. చిరకాలము ఇట్టి లెక్కలలోఁ బెక్కువంతు ఐరోపావారి రక్తమే. మన రక్తము లేని లెక్క మనకెట్లు సరిపడును? 2020లో మొదలిడిన జీనోమ్ ఇండియా యను కార్యమున పదివేలమంది భారతీయుల జన్యుక్రమము చదువఁబడి, 2025 జనవరిలో పరిశోధకుల కందింపఁబడినది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థకును అందు భాగము కలదు.

ఆ సంస్థవారే పూనావారితోఁ గలసి తల్లుల పోషణమును గూర్చియుఁ బాటుపడుచున్నారు. డాక్టరు యాజ్ఞిక్ గారు 2008లోఁ బ్రకటించిన దానిని బట్టి, బి-12 విటమిను తక్కువై ఫోలిక్ ఆమ్లము మిక్కుటమైన తల్లుల బిడ్డలకు ఆఱేండ్ల ప్రాయముననే ఇన్సులిను సరిగాఁ బనిచేయకుండుట కనఁబడెను. పిమ్మట 2018లో సి.సి.ఎం.బి.వారు, బి-12 ఇచ్చినవారి రక్తమున మధుమేహమునకు సంబంధించిన కొన్ని జన్యువులపైఁ గల రసాయనపు గుర్తులు మాఱుట చూచిరి. ఆ ఫోలిక్ ఆమ్లమును 1945లోఁ గృత్రిమముగాఁ దయారుచేసిన బృందమునకు నాయకుఁడు మన పొరుగూరగు భీమవరమునఁ బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. (ఇది చదివి గర్భిణు లెవ్వరును ఫోలిక్ మాత్రలు మానవలదు, బిడ్డ వెన్నెముకకు అవి యావశ్యకములు. బి-12 సంగతి వైద్యుల నడుగుఁడు. మనవంటి శాకాహారుల యిండ్లలో నీ లోపము మెండు.)

ఉమ్మి నొక గొట్టములో నింపి పంపినచో భవిష్యత్తు చెప్పెదమను వ్యాపారులు బయలుదేరినారు. వారి పత్రముకంటె పరగడుపున జరుపు రక్తపరీక్షయే నా కెక్కువ నమ్మకము. గర్భమునందు మధుమేహము వచ్చిన స్త్రీకిఁ దరువాత నది స్థిరముగా వచ్చు నవకాశము మిక్కిలి యెక్కువ. ఈ మాట తెలిసియు నేను సిగ్గుచేత ఎనిమిదేండ్లు పరీక్షకుఁ బోలేదు. పోయినచో నా తప్పు మఱల బయటఁబడునను భయము!

నా కూఁతునకుఁ బదేండ్లు నిండినవి. మొన్న “అమ్మా, నాకును వచ్చునా?” అని యడిగినది. రావచ్చును, రాకపోవచ్చును, వచ్చినను అది నీ నేరము గాదంటిని. మఱునాఁ డుదయమున ఏమియుఁ దినక ఇరువురము పరీక్షాశాలకు నడచిపోతిమి. సూది గ్రుచ్చునప్పుడు అది కన్నులు మూసికొనలేదు, నేను మూసికొంటిని.