దిండు మీద జెండా

ఆగస్టు 15కి కొత్తగా ఏదైనా చేద్దామని నర్సీపట్నం బజారులో దారాలు కొని, తెల్ల దిండు గలీబు మీద జాతీయ జెండా కుట్టాను. వారం పట్టింది. చక్రంలో 24 ఆకులూ లెక్కపెట్టి మరీ వేశాను.

మా అత్తయ్య చూసి, "బాగుందమ్మా. కానీ మనవడు దిండు కాళ్ళ కింద వేసుకుంటాడు కదా" అన్నారు. నాకు కోపమొచ్చింది. తీరా చూస్తే, 2002 నాటి ఫ్లాగ్ కోడ్‌ కూడా దిండ్ల మీద, చేతిరుమాళ్ళ మీద జెండా కుట్టకూడదనే చెబుతోంది. ఆవిడ చదివింది ఐదో తరగతి!

కుట్టడం కంటే విప్పడమే కష్టమండీ. సూది రంధ్రాలు కనబడకుండా వాటి మీదే నెమలిని కుట్టాను. అదీ 1963 నుంచి మన జాతీయ పక్షే కదా. చక్రానికి తెచ్చిన నీలం దారం మిగిలితే మెడకి సరిపోయింది.

మొన్న మావాడు దాన్నీ కాళ్ళ కిందే వేసుకున్నాడు. అత్తయ్య ఏమీ అనలేదు.