ఐదు లీటర్లు
ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్న ఒక అన్నయ్యను విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి మా సంఘస్థులు డీజిలుకు చందాలిచ్చారు. నిమ్మాడ జంక్షన్ నుండి రానూపోనూ సుమారు 300 కిలోమీటర్లు. మొదటిసారి తొందరపడి 90లో తోలాము. లీటరుకు 12 చొప్పున 25 లీటర్లు తాగింది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుందని మెకానిక్ తమ్ముడు చెప్పాడు. రెండోసారి టైర్లలో గాలి చూపించుకుని, గంట ముందే బయలుదేరి, టాప్ గేరులో 65 దాటకుండా వెళ్ళాము. 15 వచ్చింది. మిగిలిన ఐదు లీటర్ల డబ్బు మందులకిచ్చాము. "ఈసారి కుదుపుల్లేవు పాస్టరుగారూ, నిద్రపట్టింది" అన్నారు అన్నయ్య. మేము డీజిలు లెక్కే చూసుకున్నాము, ఆయన నొప్పి తలచుకోలేదు. కానుక డబ్బుతో బండి తోలేటప్పుడు మన కాలు కూడా లెక్క అప్పగించాలి.