సముద్రం వెళ్ళిపోయిన ఊరు

బెల్జియం చూడడానికి వచ్చే మనవాళ్ళలో బ్రూజ్ చూడకుండా వెళ్ళేవారు తక్కువ. కాలువల్లో పడవెక్కి, చాక్లెట్లు కొనుక్కుని, సాయంత్రానికి బ్రస్సెల్స్ రైలు పట్టుకుంటారు. మా ఇంటికి వచ్చినవాళ్ళకి మాత్రం ఇంకొక్క పూట ఉండి డామ్మ కూడా చూడమని చెబుతుంటాను. బ్రూజ్‌కి ఈశాన్యంగా ఏడు కిలోమీటర్లు, అంతే. కాలువగట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిపోవచ్చు. సముద్రపు గాలికి ఒకే పక్కకి ఒరిగిపోయిన పొడవాటి చెట్లు దారంతా తోడు వస్తాయి.

ఊళ్ళో అడుగు పెట్టగానే ఏదో లెక్క కుదరదనిపిస్తుంది. ఉన్నవి నాలుగు వీధులు. వాటి మధ్య 1460లలో కట్టిన రాజసమైన పురమందిరం. ఆ వెనకాల చర్చి గోపురం ఒంటరిగా నిలబడి ఉంటుంది. గోపురాన్ని కలుపుతూ ఉండాల్సిన మంటపాన్ని బాగుచేసే స్తోమత లేక 1725లో పడగొట్టేశారు. ఒకప్పుడు ఇది పెద్ద రేవు అని చెబితే, మా అమ్మాయి చుట్టూ ఉన్న ఆవుల్నీ పచ్చికనీ చూసి, "మరి సముద్రం ఏది నాన్నా?" అంది.

సముద్రం ఇప్పుడు పది కిలోమీటర్లకు పైగా అవతల ఉంది. 1134లో వచ్చిన పెనుతుఫానుకి తీరం తెగి, జ్విన్ అనే పాయ లోతుగా లోపలికి చొచ్చుకొచ్చిందని చెబుతారు. ఆటుపోట్ల నుంచి కాపాడుకోవడానికి కట్టిన కట్ట దగ్గర వెలిసింది ఈ ఊరు. పేరు కూడా ఆ కట్టదే. 1180లో ఫ్లాండర్స్ ప్రభువు ఫిలిప్ దీనికి పట్టణ హక్కులిచ్చాడు. పెద్ద ఓడలు ఇక్కడ ఆగితే, సరుకు చిన్న పడవల్లోకి మారి బ్రూజ్ చేరేది. బోర్డో ద్రాక్షసారా, ఉప్పులో ఊరిన హెరింగ్ చేపలు ఇక్కడి ముఖ్య వ్యాపారం. 1213లో ఫ్రెంచి రాజు ఓడలు ఇక్కడ లంగరేసి ఉండగా ఇంగ్లీషువాళ్ళు వచ్చి ఆ నౌకాబలాన్ని నాశనం చేశారు. 1468లో బర్గండీ ప్రభువు చార్లెస్, ఇంగ్లండు రాజు చెల్లెలు మార్గరెట్‌ల పెళ్ళి జరిగింది కూడా ఈ ఊళ్ళోనే.

అయితే ఆ పెళ్ళినాటికే రేవుకి రోజులు దగ్గర పడ్డాయి. మా అమ్మాయి ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. పాయకి అటూ ఇటూ ఉన్న ఉప్పుపర్ర మీద జనానికి కన్నుపడింది. కరకట్టలు పోసి, నీరు తోడి, పొలాలు చేసుకున్నారు. ఒక్కో కట్ట లేచినకొద్దీ పోటునీరు పరుచుకునే చోటు తగ్గింది. వచ్చే నీరు తగ్గింది కాబట్టి, తిరిగి పోయేటప్పుడు అడుగునున్న ఇసుకని ఈడ్చుకుపోయే బలమూ తగ్గింది. పాయ పూడిపోయింది. అంటే సముద్రం అలిగి వెళ్ళిపోలేదు, ఎకరం తరవాత ఎకరంగా మనుషులే దాన్ని బయటికి పంపేశారు. పొలం దక్కినవాడికి లాభమే. మూటలు మోసేవాడికి, పడవ నడిపేవాడికి బతుకుతెరువు పోయింది. తుఫానైతే ఒక్క రాత్రిలో తెలుస్తుంది. ఇది తరాలపాటు సాగింది, ఎవరిని తప్పుపట్టాలో కూడా తెలియకుండా.

నేను సైకిలు తొక్కే కాలువ అంత పాతది కాదు. నెపోలియన్ హుకుం మీద స్పెయిన్ యుద్ధఖైదీల చేత తవ్వించడం మొదలుపెట్టింది. 1977లో చుట్టుపక్కల గ్రామాల్ని కలిపి డామ్మని పెద్ద మునిసిపాలిటీ చేశారు. అన్నీ కలిపితే పదకొండు వేలమంది. వాళ్ళలో ఎక్కువమంది ఉండేది సైసేల అనే గ్రామంలో, పేరు మాత్రం డామ్మది. 1997 నుంచి దీన్ని పుస్తకాల ఊరని పిలుస్తున్నారు. పాత పుస్తకాల దుకాణాల్లో మా ఆవిడని వదిలితే పూట గడిచిపోతుంది.

పిల్లలతో వస్తే తీరందాకా వెళ్ళి జ్విన్‌లో మిగిలిన ముక్కని కూడా చూపించండి. ఇప్పుడది పక్షుల సంరక్షణ ప్రాంతం. అదీ పూడిపోతుంటే, కరకట్టని వెనక్కి జరిపి, 2019లో పాత గట్టుకి గండికొట్టి, సుమారు 120 హెక్టార్ల సాగుభూమిలోకి మళ్ళీ సముద్రాన్ని రానిచ్చారు. పోటు వేళకి వెళ్తే నీళ్ళు లోపలికి రావడం కనిపిస్తుంది.